ఓంకార్ బిగించిన నట్టు

కొత్తగూడ ఫ్లైఓవర్ దిగి కొండాపూర్ వైపు తిరిగే చోట, హాస్టళ్ల వరుస వెనక ఒక రేకుల షెడ్డు ఉంది. దానికి బోర్డు లేదు. ముందు ఎప్పుడూ రెండు మూడు ఆఫీసు కుర్చీలు బోర్లా పడి ఉంటాయి. జిమ్ముల నుంచి వచ్చిన ట్రెడ్‌మిల్ రోలర్లు, లిఫ్టు తలుపుల చక్రాలు, దుకాణాల షట్టర్ల పళ్లచక్రాలు గోడకు ఆనించి ఉంటాయి. లోపల ఒక పాత లేతు మిషను, దాని పక్కన గోనెపట్టా కప్పిన బరువైన ఇనుప పలక. ఆ పలక మీద ఓంకార్ ఎవరినీ చెయ్యి పెట్టనివ్వడు. ఎవరైనా టీ గ్లాసు పెట్టారంటే ఆ రోజంతా అతనితో మాట ఉండదు.

ఓంకార్‌కు యాభై తొమ్మిదేళ్లు. కొత్తగూడ ఊరుగా ఉన్నప్పుడు అక్కడే పుట్టాడు. తండ్రి మాదాపూర్ గుట్టల్లో రాయి కొట్టేవాడు. ఓంకార్ పదో తరగతి తప్పాక పద్దెనిమిదో ఏట బాలానగర్‌లో ఒక మిషను షాపులో చేరాడు. అక్కడ అతనికి పట్టుబడిన పని స్క్రేపింగు. రెండు ఇనుప ముఖాలు ఒకదాని మీద ఒకటి వణుకు లేకుండా జారాలంటే అవి నిజంగా చదునుగా ఉండాలి. మిషను కోసి ఇచ్చిన ముఖం కంటికి చదునుగానే కనిపిస్తుంది గాని కాదు. అందుకని చదునైన పలక మీద నీలిరంగు పలచగా పూసి, ముక్కను దాని మీద రుద్దుతారు. ఎత్తుగా ఉన్న చోట్లకే రంగు అంటుతుంది. రంగు అంటిన చోట మాత్రమే స్క్రేపరుతో గీకుతారు. తుడిచి మళ్లీ రుద్దుతారు, మళ్లీ గీకుతారు. ఒక అరచేతి మేర ఇనుము చదును కావడానికి రెండు రోజులు పడుతుంది. ఓంకార్ తన స్క్రేపరును పాత ఆకురాయిని సానబట్టి తనే చేసుకున్నాడు. ఎవరి దగ్గరా పాఠంలా నేర్చుకోలేదు. పక్కవాళ్లు చేస్తుంటే చూశాడు, చెడగొట్టాడు, తిట్లు తిన్నాడు, మళ్లీ చేశాడు.

కంప్యూటరు మిషన్లు వచ్చాక బాలానగర్‌లో ఆ పనికి పిలుపు తగ్గింది. ఇరవై రెండేళ్ల కింద సొంత స్థలంలో షెడ్డు వేసుకున్నాడు. చుట్టూ ఆఫీసులు లేచాయి. వాటితో పాటే విరిగిన కుర్చీలూ వచ్చాయి. తన చేతికి వచ్చిన పనికి, ఇక్కడి వాళ్లకు కావలసిన పనికి పొంతన లేదని ఓంకార్ ఎప్పుడూ పైకి అనలేదు. కుర్చీ అయినా సరిగ్గానే చేసి ఇచ్చేవాడు.

గచ్చిబౌలి దాటాక ఉన్న ఒక పరిశోధనశాల నుంచి మాత్రం అతని చేతికి తగిన పని వచ్చేది. ఆరేళ్ల కింద సీతారామయ్య గారనే ప్రొఫెసర్ తానే కారు నడుపుకుంటూ వచ్చి, విదేశీ రోలరు ఒకటి చూపించి, ఇది తిరిగేటప్పుడు వెంట్రుకవాసి ఊగుతోంది, ఊగనిది కావాలన్నారు. ఓంకార్ చేసిచ్చాడు. అది ఊగలేదు. అప్పటి నుంచి బిగింపులు, పట్టీలు, అద్దాలు నిలబెట్టే కాళ్లు అన్నీ అతని దగ్గరికే వచ్చేవి. నెలకో రెండు నెలలకో ఒకటి. అది వచ్చిన వారం కుర్చీల వాళ్లు తిరిగి తిరిగి వెళ్లేవారు.

అక్కడ ఏం చేస్తారో అతనికి సగం తెలుసు. ఆ సగం చెప్పింది రసజ్ఞ. సీతారామయ్య గారి దగ్గర ఐదో ఏడు పరిశోధన చేస్తున్న అమ్మాయి, కాకినాడ వైపు నుంచి వచ్చింది. వాళ్లు కొలిచేది అణువుల కదలిక. వెంట్రుక మందంలో నాలుగు వేలో వంతు ఉండే జెర్మేనియం పొర ఒకటి ఉంటుంది. ఒకే లేజరు వెలుగును రెండుగా చీలుస్తారు. ఒక పాయ వెళ్లి ఆ పొరను కొడుతుంది. రెండో పాయ ఒక రాగి పట్టీని కొట్టి అందులోంచి ఎక్స్‌రే మెరుపు పుట్టిస్తుంది. ఆ మెరుపు పొర మీద పడి, అణువుల వరుసల నుంచి ఒక కోణంలో చిమ్ముతుంది. వరుసల మధ్య ఎడం మారితే కోణం మారుతుంది. కోణాన్ని బట్టి వరుసలు ఎంత జరిగాయో లెక్క కడతారు. దెబ్బ తగిలిన ఎంతసేపటికి మెరుపు పడాలి అన్నదే అసలు కిటుకు. ఆ ఎంతసేపు అన్నది సెకనులో లక్ష కోట్లో వంతు, వాళ్ల మాటలో పికోసెకను. అంత చిన్న కాలాన్ని ఏ గడియారమూ కొలవలేదు. అందుకని కాలాన్ని దూరంగా మారుస్తారు. ఒక పికోసెకనులో వెలుగు పోయేది మూడు కాగితాల మందమంత దూరం. కాబట్టి పొరను కొట్టే పాయ దారిలో అద్దాలు బిగించిన పీట పెట్టి, దాన్ని స్క్రూతో కొద్దికొద్దిగా వెనక్కి జరుపుతారు. దారి పెరిగిన కొద్దీ ఆ వెలుగు ఆలస్యమవుతుంది. ఆ జరిగే పీటను వాళ్లు డిలే స్టేజి అంటారు. ఓంకార్ బండి అంటాడు.

పోయిన వానాకాలం ఆ గదిలో ఏసీ నీళ్లు కారి బండి మీద పడ్డాయి. స్క్రూ తుప్పు పట్టింది. చేసిన విదేశీ కంపెనీ కొత్త స్క్రూకు ఐదు నెలలు పడుతుందంది. రసజ్ఞ దగ్గర ఐదు నెలలు లేవు. దుప్పటిలో చుట్టి క్యాబులో తెచ్చి ఓంకార్ పలక ముందు పెట్టింది.

ఇరవై నాలుగు రోజులు పట్టింది. ఒక్క చుట్టుకు సరిగ్గా ఒక మిల్లీమీటరు నడిపించే స్క్రూ కోసి, నూనె, సన్నపు పొడి పెట్టి చేత్తో రుద్ది నునుపు చేశాడు. బండి కింది ముఖాలు మళ్లీ స్క్రేప్ చేశాడు. అన్నీ అయ్యాక, స్క్రూ మీద నడుస్తూ బండిని తోసే ఇత్తడి నట్టును బొటనవేలితో పక్కకు తోసి చూస్తే అది కదిలింది. రెండు పలచటి స్ప్రింగు రేకుల మీద వేలాడుతోంది. ఓంకార్ పెరిగిన షాపులో నట్టు లూజుగా ఉందంటే ఆ పని చేసినవాడికి ముఖం చెల్లేది కాదు. అరిగిందేమో అనుకున్నాడు. స్టీలు పిన్నులు రెండు దించి నట్టును బండికి కదలకుండా బిగించాడు. అది చేయమని ఎవరూ అడగలేదు. చేశానని అతనూ చెప్పలేదు. లూజు తీసెయ్యడం చెప్పుకునేంత పని కాదు.

నవంబరులో ఒక సోమవారం పొద్దున రసజ్ఞ షెడ్డుకు వచ్చింది.

"ఓంకార్ గారూ, ఉన్నారాండీ?"

"రా బిడ్డా. గా కుర్చీల కూసోకు, గ్యాస్ పోయింది, నిన్ను తీస్కొని కిందికి దిగుతది. స్టూలున్నది చూడు."

ఆమె స్టూలు మీద కూర్చుని సంచిలోంచి అట్టపెట్టె తీసింది. "కాజాలండి. మా అమ్మ పంపించింది."

"ఏంది విశేషం? పెండ్లి కుదిరిందా?"

"కాదండి. నా పేపరు జర్నల్ వాళ్లు వేసుకుంటామన్నారు."

"పెండ్లి కన్న పెద్దదా అది?"

"మా అమ్మని అడిగితే కాదంటుంది. నాకైతే పెద్దదే. మార్చితో నా ఫెలోషిప్ అయిపోతుందండి. ఈ ఒక్క పేపరు ఉంటేనే థీసిస్ ఇచ్చుకోనిస్తారు. లేకపోతే ఐదేళ్లూ పోయినట్టే."

కాగితాలు తీసి చివరి పేజీ అతని ముందు పెట్టింది. ఒక వరుస కింద వేలు పెట్టి చూపించింది. "ఇదిగోండి, మీ పేరు. సాయం చేసిన వాళ్లకు కృతజ్ఞతలు చెప్పే చోట. సారే వెయ్యమన్నారు."

ఓంకార్ చేతులు గుడ్డకు తుడుచుకుని కాగితం అందుకున్నాడు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. "ఇంటిపేరు రాయలే?"

"మీరెప్పుడూ చెప్పలేదు కదండీ."

"నువ్వు అడగలే కద."

ఆమె నవ్వింది. తర్వాత ముందు పేజీలో బొమ్మ చూపించింది. ఎడమ నుంచి కుడికి పోయే గీత ఒకటి, అలలు అలలుగా. "లేజరు కొట్టగానే అణువుల వరుసలు దూరం జరిగి మళ్లీ దగ్గరకొస్తాయండి. ఊపిరి తీసినట్టు. మామూలుగా రెండు ఊపిర్లకే ఆగిపోతుంది. ఇక్కడ చూడండి, చివరిదాకా ఆగలేదు. అదే మా పేపరు."

"ఎందుకు ఆగలే?"

"అదే ఎవరికీ తెలియదు. మూడుసార్లు కొలిచాం. మూడుసార్లూ అచ్చం ఇలాగే వచ్చింది. రెండు రోజుల్లో చివరి కాపీ పంపించెయ్యాలి." కాగితాలు అతని దగ్గరే ఉంచుకోమని చెప్పి వెళ్లిపోయింది.

ఓంకార్ బొమ్మను పలక మీద పరిచాడు. పళ్లచక్రం చేతికొస్తే ముందు పళ్లు లెక్కపెట్టడం అతనికి అలవాటు. అలాగే అలలు లెక్కపెట్టాడు. తొమ్మిది. అన్నీ ఒకే ఎత్తు, ఒకే ఎడం. ఎక్కడా తగ్గలేదు, అలసిపోలేదు. తను చూసినంతలో కొట్టిన ఇనుము ఏదైనా మోగి మోగి తగ్గుతుంది. తగ్గకుండా ఒకే తీరుగా వచ్చేది తిరిగే వస్తువు నుంచే.

మధ్యాహ్నం రసజ్ఞకు ఫోన్ చేశాడు. "బిడ్డా, గా బొమ్మ మొత్తం అయ్యేదాక బండి ఎంత నడిచింది?"

"అరవై పికోసెకన్లండి. అంటే... వెలుగు వెళ్లి రావాలి కాబట్టి బండి నడిచేది తొమ్మిది మిల్లీమీటర్లు. ఎందుకండీ?"

"ఊకెనే అడిగిన."

తొమ్మిది మిల్లీమీటర్లకు స్క్రూ తొమ్మిది చుట్లు తిరుగుతుంది. అలలూ తొమ్మిదే.

కాకతాళీయం కావచ్చు అనుకున్నాడు. ఆ రాత్రి అలాగే అనుకుని పడుకున్నాడు. మంగళవారం పొద్దున, బండికి చేసిన స్క్రూలో మిగిలిన ముక్కను లేతు మీద ఎక్కించి, వెంట్రుకవాసి తేడా చూపించే డయల్ గేజి ముల్లు ఆనించి చేత్తో తిప్పాడు. చుట్టుకు ఒకసారి ముల్లు సగం గీత అటు జరిగి ఇటు వచ్చింది. అది పెద్ద తప్పేం కాదు. లోకంలో ఏ స్క్రూకైనా ఆ మాత్రం వంకర ఉంటుంది. ఆ వంకర నట్టు దాకా వస్తుంది. నట్టు స్ప్రింగు రేకుల మీద ఉంటే, పక్కకు ఊగేది నట్టు ఒక్కటే. బండికి ముందుకు తోపు తప్ప మరేదీ అందదు. ఆ రేకులు అందుకోసం పెట్టినవి. చేసినవాడికి తెలిసే పెట్టాడు. అది అరుగుదల కాదు, ఆ బండి మొత్తంలో అందరికంటే తెలివైనవాడు చేసిన భాగం. దాన్నే తను పిన్నులు దించి చంపాడు. ఇప్పుడు చుట్టుకొకసారి బండి వెంట్రుకలో వంతు తల తిప్పుతుంది. దాని మీది అద్దాలు తిరుగుతాయి. లేజరు పొర మీద ఒకసారి నడిమధ్య పడుతుంది, ఒకసారి కాస్త పక్కకు పడుతుంది. దెబ్బ తగ్గితే అణువులు తక్కువ జరుగుతాయి, పెరిగితే ఎక్కువ జరుగుతాయి. చూసేవాళ్లకు అది ఊపిరిలా కనిపిస్తుంది.

ముక్కను లేతు మీంచి దించాడు. ఆ రోజు ఫోన్ చేయాలనుకుని చేయలేదు. బుధవారం కూడా చేయలేదు. ఒక జిమ్ము మనిషి వచ్చి రోలరు ఏమైందని అరిచి వెళ్లాడు. గురువారం ఆ రోలరు చేసి ఇచ్చాడు. శుక్రవారం సాయంత్రం షెడ్డు వెనక ఇంటి ముందు భార్య సక్కుబాయి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అతని వైపు చూసింది.

"నాలుగు దినాలసంది చూస్తున్న. పళ్లెంల అన్నం కెలుకుతున్నవు గని తింటలేవు. ఏంది పరేషాను?"

చెప్పాడు. నట్టు, పిన్నులు, తొమ్మిది అలలు. ఆమె చివరిదాకా విని, చేతిలో కాయ విరిచి గిన్నెలో వేసింది.

"గా పోరి ఇంటికొచ్చి మిఠాయి పెట్టి పోయింది. నీ పేరు అచ్చేసిండ్రు. ఇగ నువ్వు పోయి అదంత తప్పని చెప్తవా?"

"తప్పే కద."

"నువ్వు చెప్పకుంటే ఎవనికి తెలుస్తది?"

"ఎవనికి తెల్వదు. ఏ దేశంలనో ఇంకొకడు వేరే బండి మీద కొలిస్తే అప్పుడు తెలుస్తది. అది ఎన్నేండ్లకో."

"గప్పటికి పోరి చదువైపోతది. నౌకరొస్తది."

"వస్తది."

"మరేంది?"

"నట్టు గట్లనే ఉంటది," అన్నాడు ఓంకార్. "దీని తర్వాత ఇంకొక పిల్ల వస్తది, ఇంకొక పిలగాడు వస్తడు. గా బండి మీద ఎవరు ఏం కొలిచినా నా పిన్నులే కొలుస్తరు. ఆళ్లకు తెల్వదు. నాకు తెలుసు."

"మన ఇంటి తలుపు పదేండ్లసంది కిర్రుమంటది. దానికింత నూనె పొయ్యనీకి నీకు తీరలే. గా బండి మీద ఉన్నది చూడు ప్రేమ." గిన్నె తీసుకుని లేచింది. గడప దగ్గర ఆగి, "పిల్ల ముంగట చెప్పు. సారుకు చాటుంగ చెప్పి రాకు. అది ఇంకా పాపం," అంది.

శనివారం పొద్దున డయల్ గేజి గుడ్డసంచిలో వేసుకుని గచ్చిబౌలికి షేర్ ఆటో ఎక్కాడు. గేటు దగ్గర పేరు రాయించుకుని లోపలికి పంపారు. సీతారామయ్య గారు వరండాలోనే ఎదురుపడ్డారు.

"ఏమిటి ఓంకార్ గారూ, శనివారం పూట?"

"బండిని ఒకసారి చూడాలె సార్."

"దానికేమండీ, బ్రహ్మాండంగా నడుస్తోంది."

"గందుకే సార్ చూడాలె. రసజ్ఞ మేడంను గూడ రమ్మనుండ్రి."

గది చల్లగా ఉంది. లేజరు ఆపి ఉంది. బల్ల మీద అద్దాల మధ్య బండి నల్లగా, శుభ్రంగా ఉంది. రసజ్ఞ ఏదో చిన్న రిపేరు అనుకుని నవ్వుతూనే వచ్చింది. ఓంకార్ గేజి ముల్లును బండి పక్క ముఖానికి ఆనించి, స్క్రూ చివరి పిడిని మెల్లగా తిప్పాడు. ముల్లు అటు జరిగింది, ఇటు వచ్చింది. ఒక చుట్టు. మళ్లీ తిప్పాడు. మళ్లీ అంతే. తొమ్మిది చుట్లూ తిప్పి, తొమ్మిదిసార్లు చూపించాడు.

"నేనే చేసిన సార్ ఇది," అన్నాడు. "నట్టు లూజున్నదని పిన్నులు కొట్టిన. అది లూజు కాదు. గట్ల ఉండాలెనని చేసిండ్రు. నాకు తెల్వలే."

సీతారామయ్య గారు ముల్లు వైపే చూస్తున్నారు. "కానీ బండి ఎక్కడుందో మాకు స్కేలు చెబుతుంది కదండీ. దాన్ని రోజూ సరిచూస్తాం. ఎక్కడా తేడా రాలేదే."

"స్కేలు ముంగటికి ఎంత పోయిందో చెప్తది సార్. పక్కకు చూడదు."

"మూడుసార్లు కొలిచామండి," అంది రసజ్ఞ. ఆమె గొంతు మామూలుగానే ఉంది. "మూడుసార్లూ ఒకేలా వచ్చింది."

"స్క్రూ ఒక్కటే కద బిడ్డా. నూరుసార్లు కొలిచినా గట్లనే వస్తది."

సీతారామయ్య గారు కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "పిన్నులు తీసెయ్యండి," అన్నారు. "ఇప్పుడే కొలుద్దాం."

ఓంకార్ పిన్నులు లాగాడు. స్ప్రింగు రేకులు ఒంగిపోలేదు, బాగానే ఉన్నాయి. నట్టు బొటనవేలికి మళ్లీ కదిలింది. తర్వాత అతన్ని బయట బెంచీ మీద కూర్చోమన్నారు. లేజరు నడిచేటప్పుడు బయటివాళ్లు లోపల ఉండకూడదు. నాలుగు గంటలు కూర్చున్నాడు. క్యాంటీను మనిషి టీ ఇచ్చాడు. మూడున్నరకు తలుపు తీసుకుని రసజ్ఞ ఒక్కతే బయటకొచ్చింది. చేతిలో ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. అతని పక్కన కూర్చుని ఒళ్లో పెట్టుకుంది.

గీత మొదట్లో రెండు ఎత్తులున్నాయి. మొదటిది చిన్నది. రెండోది ఇంకా చిన్నది, చూపిస్తే తప్ప తెలియదు. ఆ తర్వాత చివరిదాకా గీత చదునుగా ఉంది. ఓంకార్ బతుకంతా ఇనుము మీద తేవాలని చూసినంత చదునుగా.

"మీకు ఎప్పుడు తెలిసిందండి?" అంది ఆమె.

"మంగళారం."

"ఇవాళ శనివారం."

"ఔ బిడ్డా."

"బుధవారం చివరి కాపీ పంపించానండి. నిన్న నెట్‌లో పెట్టేశారు." ఆమె తెర వైపే చూస్తూ చెప్పింది. "మంగళవారమే చెప్పి ఉంటే, తప్పు దొరికింది, ఆపెయ్యండి అని ఒక ఉత్తరం రాసేదాన్ని. ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు వెనక్కి తీసుకున్నామని దాని మీదే అచ్చు వేస్తారు. నా పేరు ఎక్కడ వెతికినా ముందు అదే వస్తుంది."

ఓంకార్‌కు ఆ సంగతి తెలియదు. పేపరు అంటే ఒకసారి రాసి ఇచ్చేది అనుకున్నాడే గాని, అందులో ఇన్ని మెట్లుంటాయని, ఒక్కో మెట్టు దాటాక వెనక్కి దిగడం అంత కష్టమని అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి ధైర్యం కూడగట్టుకోవడానికి నాలుగు రోజులు తీసుకున్నాడు. ఆ నాలుగు రోజులూ తన సొంతమే అనుకున్నాడు.

"రెండు దినాల్ల పంపాలెనని నువ్వు చెప్పినవు," అన్నాడు. "నాకే సమజ్ కాలే."

ఆమె తల ఊపింది. ఏడవలేదు. ల్యాప్‌టాప్ మూసి లోపలికి వెళ్లిపోయింది.

వెళ్లబోయే ముందు సీతారామయ్య గారు గేటు దాకా వచ్చారు. మర్యాదగానే మాట్లాడారు. తప్పు తమది కూడా అన్నారు, బండి బాగయి వచ్చాక పక్కకు కదులుతోందేమో కూడా పరీక్షించి ఉండాల్సింది తామేనన్నారు. ఓంకార్ స్ప్రింగు రేకులకు కొత్త మరలు వేసి సరిగ్గా అమర్చి ఇస్తానన్నాడు.

"ఇక వద్దులెండి. కొత్త స్టేజి మొత్తం తెప్పించుకుంటాం. ఆలస్యమైనా సరే."

"రేపు వచ్చి చేస్త సార్. ఒక్క పూట పని."

"మీ పనితనం గురించి నాకేం అనుమానం లేదండి," అన్నారు ఆయన. "కానీ పైవాళ్లకు సంజాయిషీ రాసుకోవాలి కదా. ఎవరి చేత చేయించారని అడుగుతారు."

డిసెంబరు గడిచింది. పరిశోధనశాల నుంచి ఫోన్ రాలేదు. జనవరిలో ఓంకార్ ఒకసారి తనే చేసి చూశాడు. ఇప్పుడు పనులన్నీ లిస్టులో ఉన్న కంపెనీలకే ఇవ్వాలని ఆఫీసు వాళ్లు చెప్పారు. షెడ్డులో కుర్చీలు ఎక్కువయ్యాయి. పలక మీద గోనెపట్టా తీసే పని పడలేదు. సక్కుబాయి ఆ సంగతి గమనించింది. ఒక పూట అతను నీలిరంగు డబ్బా మూత తీసి చూస్తే లోపల ఎండి పెచ్చుకట్టింది.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం మాదాపూర్‌లో ఒక ఆఫీసుకు బాగుచేసిన కుర్చీలు దించి, ఆటో ట్రాలీ కోసం రోడ్డు పక్కన నిలబడ్డాడు. ఎవరో పిలిచినట్టయింది. రసజ్ఞ. మెడలో ఏదో కంపెనీ కార్డు వేలాడుతోంది. చేతిలో లంచ్ బాక్స్ సంచి ఉంది.

"బాగున్నారాండీ?"

"ఉన్న బిడ్డా. నువ్వు గిక్కడ?"

"పదిహేను రోజులైందండి చేరి. ఇన్సూరెన్సు వాళ్ల లెక్కల్లో తప్పులు పట్టుకునే పని. ఏసీ బాగుంటుంది." అని కొంచెం నవ్వింది.

"మరి చదువు?"

"గడువు పెంచమని రాశాం. ఒప్పుకోలేదు. ఆ రెండు చిన్న ఎత్తులు నిజమేనండి, కానీ అవి పదేళ్ల కిందే ఎవరో కొలిచేశారు. దాని మీద పేపరు రాదు." ఆమె రోడ్డు అవతలికి చూసింది. "కొత్త స్టేజి వచ్చిందట. సార్ చెప్పారు."

ఓంకార్ పనిముట్ల సంచిని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. నవంబరు నుంచి ఆమెతో అనాలని అనుకుంటూ వచ్చిన మాటలు కొన్ని ఉన్నాయి. ఎదురుగా నిలబడితే ఒక్కటీ సరిగ్గా అనిపించలేదు.

"ఒక మాట చెప్పనాండీ?" అంది ఆమె. "మీరు చెప్పకుండా ఉంటే బాగుండేదని ఒక్కోసారి అనిపిస్తుంది. అలా అనుకోవడం తప్పని తెలుసు. అయినా అనిపిస్తుంది."

"నాకు గూడ అనిపిస్తది," అన్నాడు ఓంకార్.

ఆమె అతని ముఖంలోకి చూసింది. అతను మాట మార్చలేదు. ఆమె తల ఊపి, టైమ్ అయిందండి, వెళ్లొస్తానంది. గాజు తలుపు దగ్గర కార్డు ఆనించి లోపలికి వెళ్లింది. ట్రాలీ వచ్చి, డ్రైవరు రెండుసార్లు హారను కొట్టాక ఓంకార్ ఎక్కాడు.